ఆల్ల రాజ్యాంగం మంచిదేనా?

"ఆల్ల రాజ్యాంగం మంచిదేనా?" అని అడిగింది మాయమ్మ.

పెరట్లో పాత వల పరిచి నెత్తళ్ళ చేపలు ఎండబోస్తోంది అప్పుడు. తల ఎత్తలేదు. తమ్ముడెక్కిన బోటు సంగతి మాకు తెలిసింది ఆ ముందురోజే. విశాఖ హార్బరు నుంచి వేటకెళ్ళిన బోటుకి నడిసముద్రంలో ఇంజను చెడిపోయింది. గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయి, నీళ్ళ మీద ఎవరికీ కనపడని సరిహద్దు గీత దాటి, బంగ్లాదేశ్ వైపు తేలింది. ఆ దేశపు కోస్టుగార్డు వాళ్ళు బోటునీ, అందులో ఉన్నవాళ్ళనీ పట్టుకుని ఒడ్డుకి తీసుకుపోయారు. ఆ బోటులో మా తమ్ముడు కలాసీ. బోటు ఓనరు ఫోన్లో చెప్పింది ఇంతే. కోర్టుకి పంపారో, ఊరికే లోపలేశారో, తిన్నాడో లేదో ఆయనకీ తెలీదు.

వేరే ఎవరినైనా అయితే అమ్మ "కొడతారేటి? కూడెడతారా?" అని అడిగేది. నన్ను రాజ్యాంగం గురించి అడగడానికి కారణం నా ఉద్యోగం. నేను టెక్కలిలో ఒక డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్సు చెబుతాను. ఉద్దానం ఒడ్డున ఉన్న మా పేట నుంచి ఆడవాళ్ళు చేపల గంపలతో ఎక్కే ఆటోలోనే నేనూ సంచీ భుజానికి తగిలించుకుని ఎక్కుతాను. ఉప్పుమళ్ళ మీదుగా నౌపడ పోయి, అక్కడ బస్సు పట్టుకుని కాలేజీకి చేరేసరికి నా చీరకి సగం పేట వాసన అంటుకునే ఉంటుంది.

"మంచిదేనమ్మా" అన్నాను.

"మనదాని కన్నానా?"

"మనలాటిదే."

"మనలాటిదే అంటే మంచిదనా, కాదనా?"

"ముందా కాకుల్ని తోలు! నెత్తళ్ళన్నీ ఎత్తుకుపోతన్నాయి" అని కసిరాను. భయమేస్తే నాకు ముందొచ్చేది కోపం. ఏడుపు ఆ తర్వాతెప్పుడో తీరిగ్గా వస్తుంది.

మా ఇంట్లో రాజ్యాంగం అనే మాట నేను పుస్తకంలో చదవక ముందు నుంచీ ఉంది. అమ్మకి అత్తగారు, అంటే మా నాయనమ్మ, చేసిన పెత్తనం పేరు రాజ్యాంగం. "మాయత్త రాజ్యాంగంలో కుండ మీద మూత తియ్యాలన్నా అడిగి తియ్యాల" అంటుంది ఇప్పటికీ. పక్కవీధి కోడలు అలిగి పుట్టింటికి పోతే "పాపం దానిదేటుంది, ఆ ఇంటి రాజ్యాంగం అలాటిది" అంటుంది. ఆవిడ లెక్కలో ప్రతి ఇంటికీ ఒక రాజ్యాంగం ఉంటుంది, పిల్లనిచ్చే ముందు అది కనుక్కోవాలి. మా ఇంటికి పిల్లని చూడబోతున్నాం కూడా. ఈ వేట నుంచి రాగానే తమ్ముడికి పెళ్ళి చెయ్యాలని అమ్మ పట్టు మీద ఉంది. ఆ తమ్ముడే ఇప్పుడు ఎవరింట్లోనో పడ్డాడు. ఆ ఇల్లు ఎలాటిదని ఆవిడ అడుగుతోంది.

ఆ మాటకొస్తే నేను చెప్పే పాఠం కూడా పొరుగిళ్ళ సంగతే. మన చుట్టుపక్కల ప్రజాస్వామ్య దేశాల రాజ్యాంగాల్ని మనదాంతో పోల్చడం. బోర్డు మీద నిలువు గళ్ళు గీసి పైన భారత్, నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ అని రాస్తాను. పక్కన ప్రశ్నలు. పార్లమెంటులో సభ ఒకటా రెండా, రాష్ట్రాలున్నాయా లేవా, అసలు అధికారం ఎవరి చేతిలో ఉంది, అరెస్టయిన మనిషికి ఏం హక్కులున్నాయి. గళ్ళు నింపుకుంటూ పోతాను, పిల్లలు ఎక్కించుకుంటూ పోతారు. తమ్ముడు ఇంటికొచ్చినప్పుడు నేను నోట్సు రాసుకుంటుంటే వెనకనుంచి తొంగి చూసేవాడు. "పక్కోల్ల ఇల్లు ఎలాగుందో సెప్పడానికి నీకు జీతమిత్తన్నారా అప్పా? మన పేటలో ఆడోల్లందరూ ఆ పని ఊరకనే సేత్తారు కదా" అని నవ్వేవాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. వాడు ఆ మాట సాగదీసి పిలిస్తే నాకు ఎంత కోపమున్నా నవ్వొచ్చేది.

అమ్మ అడిగిన సాయంత్రమే ఫోన్లో బంగ్లాదేశ్ రాజ్యాంగం తెరిచాను. ఏళ్ళ తరబడి చెబుతున్నదే. కానీ పాఠానికి చదవడం వేరు, తమ్ముడు అందులో ఇరుక్కున్నాక చదవడం వేరు. ముందు ఒక్క మాట కోసం వెతికాను. పౌరుడా, వ్యక్తా? హక్కు పౌరుడికని రాసుంటే మావాడికి అందులో చోటు లేదు, వాడు ఆ దేశపు పౌరుడు కాడు. వ్యక్తి అని రాసుంటే ఉంది. క్లాసులో పిల్లలు ఈ రెండు మాటల్నీ కలగాపులగం చేస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. "ఒక్క మాట మారితే లోపలున్న మనిషి బయటికి పోతాడు, బయటున్నవాడు లోపలికొస్తాడు, కళ్ళు పెట్టుకుని రాయండి" అని అరుస్తుంటాను.

దొరికింది. చట్టం ఇచ్చే రక్షణ తమ పౌరులకే కాదు, ఆ సమయానికి తమ దేశంలో ఉన్న మరే వ్యక్తికైనా ఉంటుందని రాసుకున్నారు వాళ్ళు. అరెస్టు చేసిన వ్యక్తిని ఇరవైనాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలనీ, ఎందుకు పట్టుకున్నారో చెప్పాలనీ, లాయరుతో మాట్లాడనివ్వాలనీ ఉంది. అచ్చం మన ఇరవైరెండో అధికరణమే, ఒకే వంటింట్లో వండినట్టు. నేపాల్‌దీ ఇంచుమించు అదే. శ్రీలంక వాళ్ళు మాత్రం గంటలు రాయకుండా చట్టప్రకారం జడ్జి ముందు పెట్టాలని వదిలేశారు. ఓలమ్మో, గాలి అటు తొయ్యలేదు, అదే పదివేలు అనుకున్నాను. గాలి కూడా రాజ్యాంగాలు చూసుకుని తోస్తుందన్నట్టు!

ఆ కింద వాక్యం రెండుసార్లు చదివాను. ఈ గంటల హక్కు ఇద్దరికి వర్తించదు. నేరం చేస్తాడేమోనని ముందుగానే పట్టి ఉంచినవాడు ఒకడు. శత్రుదేశస్థుడు ఇంకొకడు. ఇది కొత్త సంగతి కాదు, మన రాజ్యాంగంలోనూ ఇదే ఉంది. పిల్లలకి గుర్తుండాలని నేనే పాటలా కట్టి పలికిస్తాను. "మినహాయింపులు రెండు, శత్రువొకటి, ముందరి పట్టొకటి!" ఇన్నేళ్ళూ ఆ శత్రువుకి మొహం లేదు, పేరు లేదు, ఊరు లేదు. ఇప్పుడు మా తమ్ముడి మొహం వచ్చి అక్కడ కూచుంది. కనుబొమ్మ మీద గేలం గీసుకుపోయిన గాటుతో సహా.

శత్రుదేశం అంటే మనతో యుద్ధంలో ఉన్న దేశం. మనకీ వాళ్ళకీ యుద్ధం లేదు. కాబట్టి మావాడు వాళ్ళకి శత్రువు కాడు. ఇంతవరకూ నాకు బాగానే తెలుసు. తెలిసినా నిద్ర పట్టేది కాదు. టీవీ పెడితే ఎవడో ఒకడు గొంతు చించుకుంటూ పక్క దేశాన్ని తిడుతూ ఉండేవాడు. అక్కడేమో ప్రభుత్వం మారి, రాజ్యాంగాన్నే మార్చాలని పెద్ద చర్చ నడుస్తోంది. మావాడు లోపలుండగానే ఇంటి నియమాలు మార్చేస్తారా ఏటి అని భయమేసేది. కాపురానికి వెళ్ళిన చోట అత్తగారు మారిపోయినట్టు.

అమ్మకి మాత్రం మొదటి సగమే చెప్పాను. "ఆ టైముకి అక్కడున్న మనిషి ఎవరైనా సరే, ఆల్లే న్యాయంగా సూసుకోవాలని రాసుకున్నారమ్మా" అన్నాను.

"ఆ టయానికి ఉన్న మనిసి" అని తనలో తను అనుకుంది. "బాగా రాసేరు. సుట్టమే అవ్వక్కరనేదు, ఉంటే సాలు" అంది. మర్నాడు ఆటోలో ఉన్న ఆడవాళ్ళందరికీ అదే చెప్పింది. శత్రువు ముక్క నేను మింగేశాను. అమ్మ ఆ ఆదివారం రావివలస ఎండల మల్లన్నకి మొక్కుకుని వచ్చింది. నెత్తిమీద కప్పు వద్దని ఎండలోనే ఉండే సామి ఆయన. "ఆయనకీ కప్పు నేదు, నడిసముద్రంలో నా గుంటడికీ నేదు, ఆయనకి తెలుత్తాది" అంది.

ఇక ఎవరినో ఒకరిని పట్టుకోవాలి. మా జిల్లాలో ఏ పని కావాలన్నా ముందు మనిషిని పట్టుకోవాలి. అమ్మా నేనూ పలాస వెళ్ళి, మా పేటకి తెలిసిన నాయకుడొకాయన్ని కలిశాం. మంచి మనిషి, కూచోబెట్టి టీ ఇప్పించాడు, జీడిపప్పు ప్లేటు ముందుకి తోశాడు. "అక్కడ ఏ రాష్ట్రంలో పెట్టేరమ్మా?" అని అడిగాడు.

"అక్కడ రాష్ట్రాల్లేవండీ."

"రాష్ట్రాల్లేకుండా దేశం ఎలాగుంటాదమ్మా?"

"ఉంటాదండీ. మనది సమాఖ్య, వాళ్ళది ఏకకేంద్రం. మొత్తానికి ఒకటే ప్రభుత్వం."

"అయితే ముఖ్యమంత్రి కూడా లేడా?" అని ఆయన నిజంగానే దిగాలు పడిపోయాడు. సగం దారి మూసుకుపోయినట్టు చూశాడు. "ఎమ్మెల్యేలు?"

"లేరండీ. ఉన్నది ఒకటే సభ."

అమ్మ "మరి ఎవులి కాల్లు పట్టుకోవాల బాబూ?" అంది. ఆయన, మన ఢిల్లీ వాళ్ళని పట్టుకుంటే వాళ్ళు ఆ ఢిల్లీ వాళ్ళని పట్టుకుంటారని తేల్చాడు. బంగ్లాదేశ్ రాజధాని ఢిల్లీ కాదని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన ఫోన్లు మీద ఫోన్లు చేశాడు పాపం. దేనికీ గట్టి జవాబు రాలేదు. తిరుగుబస్సులో అమ్మ నా చెయ్యి వదల్లేదు. కిటికీలోంచి జీడితోటల్నే చూస్తూ కూచుంది.

రోజులు గడుస్తున్నాయి. బోటు ఓనరు మళ్ళీ ఫోన్ చేసి, అందర్నీ జైలుకి పంపారట అన్నాడు. జడ్జి ముందు పెట్టాకా, పెట్టకుండానా? అది చెప్పమంటే "ఏటో మేడమ్, అది నాకు తెలీదు" అన్నాడు. నాకు కావలసింది అదొక్కటే. జడ్జి ముందు నిలబెడితే దారి తప్పిన బెస్తవాడి కింద లెక్క, ఎప్పటికో ఇంటికి పంపుతారు. నిలబెట్టకపోతే వాణ్ణి ఏ లెక్కలో వేసుకున్నారో ఎవరు చెప్పాలి? అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే ప్రశ్న. బోర్డు తుడుస్తుంటే అదే ప్రశ్న.

అందరూ జాలి పడ్డారు, వాళ్ళ జాలే నన్ను ఎక్కువ భయపెట్టింది. స్టాఫ్‌రూములో లెక్కల సారు బల్ల గుద్ది "ఆ దేశం మీద మనోళ్ళు ఒక్కటిచ్చుకోవాల మేడమ్, దెబ్బకి మీ తమ్ముణ్ణి తెచ్చి అప్పచెప్తారు" అన్నాడు. నేను కప్పు విసురుగా కింద పెట్టాను. "మీరొకటిచ్చుకుంటే అది యుద్ధమవుతాది సార్. యుద్ధమైతే మా తమ్ముడు శత్రువవుతాడు. మీ పుణ్యముంటుంది, నోరు మూసుకోండి." ఆయన తెల్లబోయాడు. మంచికి పోతే చెడు ఎదురైనట్టయింది ఆయనకి. టీ నా చీర మీద ఒలికింది.

ఆ మధ్యాహ్నమే క్లాసులో ఆ గడి వచ్చింది. అరెస్టయిన మనిషి హక్కులు. దాటేద్దామనుకున్నాను, కానీ పరీక్షలు దగ్గర పడ్డాయి. ఇరవైనాలుగు గంటలు అని రాసి, మినహాయింపులు అన్నానో లేదో, నేను అలవాటు చేసిన పాట పిల్లలే అందుకున్నారు. "మినహాయింపులు రెండు, శత్రువొకటి..." అని అంతలో మా తమ్ముడి సంగతి ఒక్కొక్కరికీ గుర్తొచ్చినట్టుంది. గొంతులు ఒకటొకటిగా ఆగిపోయాయి. రెండోది ఎవరూ పలకలేదు. నేను బోర్డు వైపు తిరిగి, రాయాల్సిందేమీ లేకపోయినా సుద్దముక్క అరిగేదాకా గళ్ళ గీతలు దిద్దుతూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం ఆటో దిగి పేటలోకి వస్తుంటే, తెప్పలు లాగి పెట్టే చోట జనం. రెండు గెడలు పాతి వాటి మధ్య పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పండక్కి తీయించుకున్న ఫోటో, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మా తమ్ముడు నవ్వుతున్నాడు. దాని కింద గజమంత ఎర్రక్షరాలు.

శత్రుదేశపు చెరలో ఉన్న మా అన్నని వెంటనే విడిపించాలి.

మా పెదనాన్న కొడుకు, తమ్ముడితో కలిసి పెరిగినవాడు, పేట కుర్రాళ్ళని కూడగట్టి టెక్కలిలో వేయించుకొచ్చాడు. నన్ను చూసి మొహం వెలిగించుకుని ఎదురొచ్చాడు. "సూసేవా అప్పా! రేపొద్దున్న టీవీవోల్లు వొత్తన్నారు. దీన్ని దేశమంతా సూత్తాది" అన్నాడు.

"తియ్యరా దాన్ని!"

"ఏటి?"

"తియ్యమంటుంటే! ఎవడ్రా నీకు సెప్పింది అది శత్రుదేశమని? ఎవడు సెప్పేడు?"

"మనోల్లని అట్టుకుంటే మరి సుట్టాలంటామేటప్పా?" అన్నాడు వాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా పేణం పెట్టి ఏయించినాం."

వాడి తప్పేముంది. మా వైపు ఎవరి మీదైనా కోపమొస్తే ముందు నోటికొచ్చే మాట అదే. గట్టు తగువు పెట్టుకున్న అన్నదమ్ముడూ శత్రువే, మాటాడని బావా శత్రువే, నెల తిరక్కుండా అదే బావతో ఒకే కంచంలో తింటారు. ఆ మాటకి వేరేచోట వేరే బరువుంటుందని వీళ్ళకెలా చెప్పను? రేపు మనవాళ్ళే దాన్ని టీవీలో చూపిస్తే, అక్కడెవడో దాన్ని చదివి, మీరే కదా శత్రువులన్నది, అయితే సరే అంటే? గెడకి కట్టిన తాడు ముడి పళ్ళతో పీకబోయాను. ఎవరో నా భుజాలు పట్టుకున్నారు. నేను అరుస్తున్నాను, ఏం అరిచానో గుర్తులేదు. ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపు అప్పుడే రావాలా, వచ్చింది.

అమ్మ వచ్చింది. చేపలు కోస్తూ లేచినట్టుంది, చేతిలో కత్తి అలాగే ఉంది. "ఏటే ఆ అరుపులు?" అంది.

"శత్రువని రాసేరమ్మా, ఇంత లావున" అన్నాను.

ఆవిడ ఫ్లెక్సీకేసి చూసింది. అమ్మకి చదువు రాదు. కొడుకు ఫోటో చూసి, అక్షరాలకేసి చూసి, మెల్లగా అడిగింది. "ఆ గంటలు నేకుండా సేసీ ముక్కేనా అది?"

నా ఏడుపు ఆగిపోయింది. "నీకెవరు సెప్పేరు?"

"నువ్వే. కరోనా టయంలో ఫోను ముందరెట్టుకుని కాలేజీ గుంటలకి సెప్పలేదేటి, ఆ ఇరవైనాలుగు గంటలు ఇద్దరికి నేవని? శత్రువొకటి, ముందరి పట్టొకటి. పగలల్లా ఇంట్లో అదే గోల. నాకూ నోటికొచ్చీసింది."

"మరి నన్నడగలేదేం?"

"మొదటి దినమే అడిగేను కదే, మంచిదేనా అని. నువ్వు మంచిదన్నావు, ఈ ముక్క ఎత్తనేదు. నీకూ బయమేసిందనుకున్నాను. నువ్వే బయపడితే ఇంక నాను అడిగి ఏటి సేత్తాను?" అంది. ఆ మాట అంటూ కొంగుతో నా మొహం తుడిచింది, చేపల నీచు కొంగుతోనే. ఇన్నాళ్ళూ ఒకే చాప మీద, ఒకే ముక్కని చెరో వైపూ దాచుకుని పడుకున్నాం ఇద్దరమూ.

తర్వాత ఫ్లెక్సీ దగ్గరకి నడిచింది. "ఏ ముక్కే? సూపించు."

వేలు పెట్టి చూపించాను. శకారం దగ్గర మొదలుపెట్టి రెండో అక్షరం చివరిదాకా. "ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా. ఆ పక్కన దేశం అని ఉంది, దాన్ని ఉండనీ."

చేప పొట్ట చీల్చినంత నేర్పుగా కత్తి దించి, నాలుగు వైపులా కోసి, ఆ ముక్క ఊడదీసింది. మడిచి బొడ్లో దోపుకుంది, ఇంటికి పోయి పొయ్యిలో పెట్టడానికి. ఫ్లెక్సీ మధ్యలో కిటికీ అంత కన్నం పడింది. గాలి అందులోంచి విసురుగా వస్తోంది, అవతల సముద్రం కనిపిస్తోంది.

మా పెదనాన్న కొడుకు నెత్తి పట్టుకున్నాడు. "పిన్నీ! ఇంత కన్నమెట్టీసినావు. రేపు టీవీవోల్లొత్తే ఏటి సెప్పాల?"

"దాన్ని ముయ్యకండిరా అని సెప్పు" అంది అమ్మ. "మీ అన్న రావాల్సింది అందులోంచే."